ఉతకడం వేరు, దులపడం వేరు

సార్నియా నుంచి

తమ్ముడు సూరికి మీ అక్క అప్పలనరసమ్మ దీవెనలు పంపుతూ, పక్కన కూర్చున్న పిల్ల చేత రాయిస్తున్న సంగతులు. నువ్వూ, పైడమ్మా, కొడుకూ కోడలూ, మనవలూ అందరూ వేళకి తిని, వేళకి పడుకుంటున్నారని తలుస్తాను. నేనూ ఇక్కడ బాగానే ఉన్నాను అని రాయమంటే ఝాన్సీ కలం పక్కన పెట్టేసింది. "అబద్ధం నా చేత్తో రాయించకు అమ్మమ్మా" అంది. సరే, బాగాలేను. కానీ లేచి తిరుగుతున్నాను. గంజి నేనే కాచుకుంటున్నాను, చీర నేనే కట్టుకుంటున్నాను. నువ్వు దిగులు పడేంత లేదు.

ఝాన్సీ అంటే మా మేడ మీది గదిలో అద్దెకున్న మనిషి. ఖమ్మంలో బడిపిల్లలకి లెక్కలు చెప్పేదట. మొగుణ్ణీ బిడ్డనీ అక్కడ వదిలి ఇక్కడి కాలేజీలో చదువుకి వచ్చింది. ఈ మధ్య మన పిల్లలు ఈ ఊరి మీద దండుగా వచ్చి పడ్డారు. ఒకప్పుడు సార్నియాలో తెలుగు వినబడాలంటే నేనూ మీ బావా దెబ్బలాడుకోవాలి. ఇప్పుడు కొట్లో బియ్యం బస్తాల దగ్గర నిలబడితే నాలుగు జిల్లాల తెలుగు వినబడుతోంది. పాపం, బస్సులు సరిగా లేని ఊరు, కార్లు లేని పిల్లలు. మంచులో సంచులు మోసుకుని నడిచిపోతుంటారు. ఝాన్సీకి మాత్రం పాత కారొకటి ఉంది. నేను 'ఏటి' అంటే ఇది 'ఏమిటి' అని రాస్తోంది, పుస్తకంలో అలాగే ఉంటుందట. రాసుకోనీ. కానీ మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే రాయమని గట్టిగా చెప్పాను.

ఉత్తరం ఎందుకూ, ఫోనుంది కదా అంటావు. ఫోను చేస్తే మీ వాళ్ళు స్పీకరు పెడతారు. ఇంటిల్లిపాదికీ వినబడుతుంది, ఎవరూ వినరు. నీకు చెవులు సరిగా లేవు. మొన్న ఫోన్లో మీ ఇనప్పెట్టె తెరవొద్దని మీ కోడలికి చెప్పాను. "అలాగే పెద్దమ్మా" అంది, ఎందుకని అడగలేదు. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. దీన్ని పైడమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. దానికీ నాలాగే చదువు రాదు కాబట్టి నువ్వే బిగ్గరగా చదవాలి.

వానల నెలల్లో నాకు ఊపిరి పీలుస్తుంటే కుడి పక్క రాయి కట్టినట్టు ఉండేది. చలికనుకున్నాను, వయసుకనుకున్నాను. మెట్లెక్కి ఝాన్సీ తలుపు కొట్టబోయి అక్కడే కూలబడ్డాను. ఆసుపత్రిలో పక్కటెముకల సందునుంచి నీళ్ళు తీశారు. తర్వాత ఒక ముక్క తీసి పరీక్షకి పంపారు. ఊపిరితిత్తి చుట్టూ పొర ఉంటుందట, దానికి జబ్బట. పేరు పొడుగ్గా ఉంది, నాకు నోరు తిరగలేదు. డాక్టరు కుర్రవాడే. నన్ను అడిగాడు, ఫ్యాక్టరీలో పనిచేశారా అని. లేదన్నాను. ఓడల రేవులో? లేదు. మరి మీ ఆయన? అప్పుడు చెప్పాను, ఇక్కడి నూనె శుద్ధిచేసే ప్లాంటులో గొట్టాలకి పట్టీలు చుట్టేవాడని. ఆ కుర్రవాడు ఇంకేం అడగలేదు. మీ బావ పని కంప్యూటర్లో రాసుకున్నాడు.

మీ బావ పని నీకు తెలుసు కదా. మరిగే నూనే, ఆవిరీ పోయే గొట్టాలు, వేడి బయటికి పోకుండా తెల్లటి దళసరి పట్టీ చుట్టాలి. పాతబడితే కోసేసి కొత్తది చుట్టాలి. ఆ పట్టీలో ఉండేదాన్ని ఇంగ్లీషులో ఆస్బెస్టాస్ అంటారు. తెలుగులో రాతినార అని ఝాన్సీ చెప్పింది. గోగునార తెలుసు, కొబ్బరినార తెలుసు, రాతికి నారేమిటే అన్నాను. రాయిని చీలిస్తే దూదిలా వస్తుందట. కంటికి కనబడనంత సన్నగా తెగి, ఊపిరితో లోపలికి పోయి, నలభై ఏళ్ళు కూర్చుని, అప్పుడు లేస్తుందట. మీ బావ పోయినప్పుడు గుండె అన్నారు. అప్పుడు ఎవరూ ఇవన్నీ అడగలేదు.

నయం కాదన్నారు. మందుతో కొంత కాలం ఆపవచ్చన్నారు. ఝాన్సీ ఏడ్చింది. నాకు రాలేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎలా ఉంటుంది? గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు. అలా ఉంది. అప్పటినుంచీ అలాగే ఉంది. నువ్వు దిగులు పడకు.

కానీ ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. ఆ ప్లాంటు వాళ్ళ నోటితో అనిపించాలి, ఈ ముసలిదానికి మా దుమ్మువల్లే ఇలా అయింది అని. డబ్బు మీద ఆశ లేదని రాయించబోతే ఝాన్సీ నా మొహం చూసి నవ్వింది. సరే, ఇస్తే వదలను. కానీ ముందు ఆ మాట కావాలి. దానికి లాయరు కావాలి.

మొదట పనివాళ్ళ జబ్బులు చూసే సర్కారు ఆఫీసుకి ఫోను చేశాం. మీరు ఎక్కడ పనిచేశారు అంది అవతలి మనిషి. ఎక్కడా లేదన్నాను. అయితే మీది మా దగ్గరికి రాదు, అది పనిచేసినవాళ్ళకే అంది. మర్యాదగానే అంది. కాల్గరీలో ఉన్న మా అమ్మాయి మాధవికి చెబితే అదీ అంతే. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "మమ్మీ, యూ నెవర్ వర్క్‌డ్" అంది. "అయితే నీకు ఇన్నేళ్ళు అన్నమెవులొండినారే, ప్లాంటోళ్ళా?" అన్నాను. దటీజ్ నాట్ వాట్ ఐ మీన్ మమ్మీ అని అది ఏడుపు. మంచి పిల్లే. ఎండలు రాగానే వస్తానంది.

అప్పుడు ఝాన్సీ వాళ్ళ పిల్లల వాట్సాప్ గుంపులో మంచి లాయరు ఉంటే చెప్పండని పెట్టింది. బిలబిలమని పేర్లు వచ్చాయి. అందులో ఒకాయన చాలా గొప్పవాడట, ఎవరి పనైనా చేసిపెడతాడట. మనవాడేనట, గుంటూరు వైపు. కారులో బయలుదేరి పడీపడీ వెళ్ళాం. సూటూ బూటూ వేసుకుని ఎదురొచ్చాడు, కుర్చీ జరిపాడు, టీ తెప్పించాడు.

"చెప్పండి ఆంటీ. మీ స్టేటస్ ఏమిటి?"

"బాగాలేదు బాబూ. ఊపిరాడతల్లేదు."

"అది కాదాంటీ. విజిటరా, సూపర్ వీసానా, పీఆరా?"

"సిటిజనే బాబూ. నువ్వు పుట్టకముందునుంచీ."

ఆయన మొహం వెలిగిపోయింది. "మరింకేం ఆంటీ! మీకేం ప్రాబ్లం లేదు!" అన్నాడు.

ఈ పిల్లల లోకంలో లాయరంటే వీసా లాయరేనని నాకేం తెలుసు? ఝాన్సీకీ తట్టలేదు. వాళ్ళకి ఉన్న కష్టం ఆ ఒక్కటే, అందుకు లాయర్లందరూ దానికోసమే పుట్టారనుకుంటారు. జబ్బు సంగతి చెబితే ఆయన పాపం చాలా బాధపడ్డాడు. మా ఊళ్ళో ఉన్న మరో లాయరుకి ఉత్తరం ముక్క రాసిచ్చాడు. ఆయన ఇళ్ళ అమ్మకాలూ వీలునామాలూ చూసేవాడు. వీలునామా రాయిస్తారా అన్నాడు. ఇంకా చావలేదు, ముందు బతికున్న పని చూడు నాయనా అని వచ్చేశాను.

చివరికి దారి చూపించింది వెనకింటి మార్గరెట్టు. దాని మొగుడూ మీ బావా ఒకే చోట పని. అతనూ దగ్గీ దగ్గీ పోయాడు. మా ఇద్దరి మధ్య ఇన్నేళ్ళూ చేతిసైగలూ, నేను కొట్లో సరుకులు కొంటూ నేర్చిన ఇంగ్లీషూ, దాని ఆపిల్ రొట్టెలూ నడిచాయి. సంగతి విని అది లోపలికి వెళ్ళి ఒక లాయరమ్మ పేరు తెచ్చింది. ఈ జబ్బు కేసులే చూస్తుందట. ఆఫీసు లండన్‌లో. గాభరా పడకు, ఇక్కడా లండన్ అనే ఊరు ఒకటుంది. గెలిస్తేనే ఫీజు తీసుకుంటుందని తెలిసి బయలుదేరాం. దారంతా మంచు. కారులో హీటరు ఒక పక్కే పనిచేస్తుంది, నన్ను ఆ పక్క కూర్చోబెట్టి ఝాన్సీ చేతి తొడుగులు వేసుకుని నడిపింది.

లాయరమ్మకి మా మాధవి వయసుంటుంది. కోటు మేకుకి తగిలించి, ఎదురుగా కూర్చుని, మీరు కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన పనినుంచి వచ్చాక ఏం జరిగేదో చెప్పండి అంది. అలా నన్ను ఎవరూ అడగలేదు ఇంతవరకూ. అందరూ ఆయన ఏం చేసేవాడనే అడిగారు.

నేను చెప్పాను. మొదటి ఇల్లు అద్దెది, బట్టలుతికే యంత్రం కింద బేస్‌మెంటులో ఉండేది, అది ఇంటావిడది. మీ ఆయన బట్టల తెల్లపొడి నా యంత్రంలో ముద్దకడుతోంది, ముందు దులుపుకుని తెచ్చి వెయ్యి అని ఆవిడ ఒకరోజు అరిచింది. అప్పటినుంచీ మీ బావ రాగానే వెనక గుమ్మం దగ్గరే బట్టలు విప్పించేదాన్ని. చొక్కా, ప్యాంటు, కోటు, తొడుగులు, ఒక్కొక్కటీ భుజాలు పట్టుకుని విదిలించి, గోడకేసి కొట్టి దులిపేదాన్ని. ఎండాకాలం పెరట్లో. మంచు పడ్డాక తలుపు తెరిస్తే ఇల్లు చల్లబడుతుందని బేస్‌మెంటు మెట్ల మీద, తలుపు మూసుకుని. బియ్యప్పిండి జల్లించినట్టు లేచేది. మెట్ల మీది బల్బు కనబడేది కాదు. నా ముక్కుపుడక చుట్టూ తెల్లగా పట్టేది, కొంగుతో తుడుచుకుని వంటకి పోయేదాన్ని. సొంత ఇల్లు కొన్నాకా అలవాటు మానలేదు. ఆయన రిటైరయ్యేదాకా రోజూ అంతే.

అంతసేపు చెప్పాను కదా, ఝాన్సీ ఇంగ్లీషులో ఒక్క ముక్క అంది. లాయరమ్మ కంప్యూటర్లో టకటకమని ఒక్క వరస కొట్టి ఊరుకుంది.

"ఏటే అమ్మీ, నానంత సేపు సెప్తే నువ్వంతేనా సెప్పినావు?"

"మొత్తం చెప్పిన అమ్మమ్మా. రోజూ తాతయ్య బట్టలు నువ్వే ఉతికేదానివని చెప్పిన."

"ఉతికినానని ఎవులన్నారే? దులిపినానన్నాను."

"రెండూ ఒకటే కదా. లాండ్రీ అంటం."

"నీల్లల్లో ఏసినాక దుమ్ము లెగుస్తాదేటే? సదువుకున్నావు కదా!"

ఝాన్సీ ఫోనులో మాట వెతకడం మొదలుపెట్టింది. లాయరమ్మ మా ఇద్దరి వంకా చూస్తోంది. మెషీన్లో ఉతికారా, చేత్తోనా అని మర్యాదకి అడిగింది. ఆ వాష్ అనే మాట నాకు తెలుసు. నో వాష్ అన్నాను. లేచాను. మేకుకున్న ఆవిడ నల్ల కోటు తీసి, భుజాలు పట్టుకుని, ఎలా దులిపేదాన్నో అలా ఒక్కటి విదిలించాను. రెండోసారి విదిలించి గోడకేసి కొట్టాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో కుక్క వెంట్రుకలూ, నూగూ, దుమ్మూ లేచి ఆవిడ బల్ల మీదికి వెళ్ళాయి. ఆవిడ గట్టిగా తుమ్మింది.

"అద్గదీ" అన్నాను.

తర్వాత నాకు దగ్గు తెర వచ్చి చాలాసేపు వదల్లేదు. ఈలోగా ఆవిడ ముందు కొట్టినదంతా చెరిపేసి, మళ్ళీ మొదటినుంచీ అడిగింది. తలుపు మూసుండేదా? మొహానికి గుడ్డ కట్టుకునేవారా? కట్టుకోమని ఆ ప్లాంటు వాళ్ళు ఎప్పుడైనా కబురు పంపారా? ఇంటికి బట్టలు పంపొద్దని అన్నారా? ఎప్పుడూ లేదన్నాను. మీరు దులుపుతుంటే చూసినవాళ్ళున్నారా? మార్గరెట్టు ఉంది, దాని పెరడూ మా పెరడూ ఎదురెదురు, అది కూడా అదే పని చేసేది. ఝాన్సీ ఈసారి ప్రతి మాటా ఏరి ఏరి చెప్పింది.

కేసు తీసుకుంటాను అంది లాయరమ్మ. నేను సంతోషపడాలి కదా. తల ఊపాను.

అప్పుడు అడిగింది, ఆ బట్టల్లో ఏ ఒక్కటైనా మిగిలుందా అని. ప్లాంటు చేతులు మారింది, అలాంటి దుమ్ము ఇళ్ళకి రానేలేదని వాళ్ళు అంటారు, ఒక్క గుడ్డ దొరికినా పరీక్ష చేయించి చూపించవచ్చు అంది. నాకు వెంటనే గుర్తొచ్చింది. ఉంది, మా తమ్ముడి దగ్గర ఉంది అన్నాను. నీకు అరకు ఘాటు మొదటి బస్సు డ్యూటీ వేశారని, తెల్లారగట్ల చలికి స్టీరింగు పట్టుకోలేకపోతున్నావని చెబితే, అప్పుడు ఊరికి వచ్చిన మీ బావ ఒంటి మీది కోటు విప్పి నీకు తొడిగాడు కదా. జేబు మీద ప్లాంటు గుర్తు కుట్టి ఉంటుంది. అది వేసుకుని బస్సు ముందు నిలబడి ఫోటో కూడా తీయించుకున్నావు.

లాయరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. ఇప్పుడు ఎలా ఉంది ఆ కోటు అంది.

"ఎలాగుంటాది? కొత్తదాన్నాగుంటాది. మా మరదలు పైడమ్మ సేతి మనిషి. ఏటేటా పెట్టిలోంచి తీసి, ఎండలో ఏసి, దులిపి..."

అక్కడ ఆగిపోయాను.

ఝాన్సీ నా వంక చూసింది. ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. బయట ఎవరో కారు అద్దం మీది మంచు గీకుతున్నారు. లాయరమ్మ ఏమిటి, ఏమన్నారు అని అడుగుతోంది. ఝాన్సీతో "సెప్పు" అన్నాను. ఝాన్సీ చెప్పింది.

ఆవిడ మంచిదే తమ్ముడూ, వెంటనే కోటు మాట వదిలి మీ మరదలికి ఎలా ఉంది అని అడిగింది. తర్వాత మళ్ళీ దానికే వచ్చింది. ఆవిడ పని అది. ఇంట్లో వాళ్ళ చేత రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టించి పంపించవచ్చా అంది.

"ఆ మూట కట్టీదెవులు?"

ఇంట్లో ఎవరైనా, ముక్కుకి గుడ్డ కట్టుకుని అంది.

"ఎవులైనా అంటే పైడమ్మే. మా తమ్ముడు ఈ జన్మలో గుడ్డ మడతెట్టినోడు కాదు. ఆ ఇనప్పెట్టి తియ్యనివ్వను."

కోటు లేకపోతే కేసు సగం బలమే అని చెప్పింది. సగమే ఉండనీ అన్నాను. అయితే విశాఖపట్నంలో ఆ పని తెలిసిన మనుషులు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను, ముసుగులూ అవీ వేసుకుని వాళ్ళే వచ్చి పట్టుకెళతారు, కానీ నెలలు పట్టవచ్చు అంది. నీకు అన్ని నెలలు ఉన్నాయా అని అడగలేదు. నాకు అర్థమైంది. పట్టనీ అన్నాను. దారిలో ఝాన్సీ కారు ఆపుకుని ఏడ్చింది. వెనక లారీలు పోతున్నాయి, కన్నీళ్ళు తుడుచుకుని నడుపు అని చెప్పాను. ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. తిన్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి చెబుతాను. ఆ ఇనప్పెట్టెకి తాళం వేసి తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. పిల్లల చేతికి అందనివ్వకు. ఊడ్చేటప్పుడు దాన్ని జరపొద్దు. నీ బస్సు ఫోటో మీ అబ్బాయి చేత ఫోనులో తీయించి ఝాన్సీకి పంపించు. జేబు మీది గుర్తు బాగా కనబడాలి. గోడ మీది చట్రం ఊడదీయకండి, అలాగే తీస్తే చాలు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక తాటిబెల్లం ముక్క పంపు, మందులకి నోరంతా చేదుగా ఉంది. లేకపోతే ఏం ఫరవాలేదు.

అన్నిటికంటే ముందు పైడమ్మని విశాఖ తీసుకెళ్ళి ఛాతీ చూపించు. నువ్వూ చూపించుకో, కోటు తొడుక్కున్నది నువ్వే కదా. కానీ ముందు అది. ఏమీ ఉండదనే అనుకుంటున్నాను. నేను రోజూ దులిపాను, అది ఏడాదికొక్కసారి. దానికీ దీనికీ పోలిక లేదని లాయరమ్మ కూడా అంది. భయపడొద్దు, ఊరికే చూపించుకోవడమే. ఊరికే అని వాయిదా మాత్రం వెయ్యొద్దు.

పైడమ్మా, నువ్వు ఈ మాట వింటూ ఉంటావు. అయ్యో వదినా నీకెంత కష్టమొచ్చిందే అని నా గురించి ఏడవడం మొదలుపెడతావు. నా సంగతి తర్వాత. ముందు నీ సంగతి విను. నువ్వు ఆ కోటుని అంత జాగ్రత్తగా చూశావంటే మా ఆయన మీద గౌరవంతో. అది నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

ఝాన్సీ చెయ్యి నొప్పెడుతోంది అంటోంది. ఇక్కడ మంచు ఇంకా కురుస్తూనే ఉంది. మార్గరెట్టు రొట్టె ఇచ్చిపోయింది, దాన్ని కూడా సాక్ష్యానికి పిలిచారు, ఏ గౌను వేసుకోవాలా అని గుంజాటన పడుతోంది. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి. మన వీధిలో నాకంటే పెద్దవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ కాళ్ళకి నా దండాలు చెప్పి, నా కోసం ఒక మంచి మాట అనుకోమను. పిల్లలందరినీ దీవించానని చెప్పు.

తమ్ముడూ, ఆసుపత్రిలో డాక్టరు పైడమ్మని నువ్వేం పనిచేసేదానివి అని అడుగుతాడు. అది తల దించుకుని ఇంట్లోనే ఉంటానండీ అంటుంది. అందుకని నువ్వు బయట బెంచీ మీద కూర్చోవద్దు. దానితో పాటు లోపలికి వెళ్ళు. అది చెప్పలేకపోతే ఏటేటా ఆ కోటు దులిపేదని నువ్వు చెప్పు, వాళ్ళు రాసుకునేదాకా అక్కడినుంచి కదలకు.

నీ మేలు కోరే అక్క
అప్పలనరసమ్మ